పెన్సిలాయన సొంతింటి సైటు

ఆ కాంప్లెక్సు రెండో అంతస్తులో, మెట్ల పక్క గదిలో కూర్చునే ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా కనపడదు. కింద కాపలా మనిషి దగ్గర్నుంచి పై అంతస్తు పళ్ళ డాక్టరు దాకా అందరికీ ఆయన పెన్సిలాయనే. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఒకసారి ఆ పెన్సిలు కోసమే గదంతా వెతికి, మేనల్లుడి మీద కేకలేసి, చివరికి చెవి గోక్కోబోతే చేతికి తగిలిందట. ఇది మేనల్లుడు చెప్పే మాట. వాడి మాటల్లో సగం తీసేసినా తక్కిన సగం నిజమే.

ఆయన పని వెబ్‌సైట్లకి ప్లాను గీయడం. కట్టడం కాదు, గీయడం. కట్టేది మేనల్లుడు. పూర్వం ఆయన ఒక బిల్డరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు. గీతల పని కంప్యూటర్లలోకి పోయాక ఆ బిల్డరు ఎంతో మర్యాదగా, కాఫీ తెప్పించి మరీ, రేపట్నుంచి రావద్దని చెప్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. పెన్సిలాయన కొన్నాళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే అక్క కొడుకు సైట్లు కట్టడం మొదలుపెట్టాడు. చురుకైనవాడే కానీ వచ్చిన పనిని వచ్చినట్టు కట్టేసేవాడు, కట్టినదాన్ని కట్టినట్టు కూల్చేసేవాడు. కట్టించుకున్నవాళ్ళు అంతా అయ్యాక చూసి, "ఇలా కాదు బాబూ, నేననుకున్నది వేరు," అనేవారు మరి. ఓ రోజు వాడు తల పట్టుకుని కూర్చుంటే వెనక నిలబడి చూసిన మేనమామ, "ఒరేయ్, వంటిల్లెక్కడో తేల్చుకోకుండా గోడలెందుకు లేపావురా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆయనకి మళ్ళీ పని దొరికింది.

మొదట్లో వచ్చినవాళ్ళలో తాళాలు బాగుచేసే ఆయనొకడు. మొదటి పేజీ నిండా తన ఫోటో, దాని కింద తాతగారి ఫోటో, ఆ కింద తమ వంశం తాళాల్లో ఎలా ఆరితేరిందో పెద్ద వ్యాసం కావాలన్నాడు. పెన్సిలాయన ఒక తెల్ల కాగితం బల్ల మీద పరిచి అడిగాడు.

"మీ సైటుకి ఎవరొస్తారండీ?"

"కస్టమర్లు."

"ఎప్పుడొస్తారు?"

"తాళంచెవి పోయినప్పుడు."

"అప్పుడు వాళ్ళెక్కడుంటారు?"

"ఎక్కడుంటారేమిటండీ, బయటే. గుమ్మం ముందు."

"చేతుల్లో సంచులు, పైన వాన, ఫోన్లో ఛార్జింగు అయిపోవస్తోంది. ఆ మనిషికి మీ తాతగారెందుకండీ?"

తాళాలాయన, "పోనీ తాతయ్యని చివరి పేజీలో పెట్టండి," అన్నాడు. మొదటి పేజీలో ఫోను నంబరొక్కటే మిగిలింది, అదీ అరచేయంత అంకెల్లో. ఆ తర్వాత తాళాలాయనే నలుగురు కొత్తవాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు.

పెన్సిలాయన పద్ధతి చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. సైటులో ఎన్ని పేజీలుంటే అన్ని కాగితాలు. బొమ్మ రావలసిన చోట బొమ్మ, నొక్కవలసిన చోట రంగు కాగితం ముక్క. అన్నిటినీ గోడకి వరసగా అంటించి చూసుకుంటాడు. అది కుదిరేదాకా కంప్యూటరు జోలికి మేనల్లుణ్ణి పోనివ్వడు. వాడు "ఆలస్యం అమృతం విషం మావయ్యా" అని గొణిగితే, "కాగితం మీద తప్పు చేస్తే రబ్బరు అరుగుతుంది. కంప్యూటర్లో తప్పు చేస్తే నువ్వు అరుగుతావు. నీ ఇష్టం," అంటాడు. కాగితం మీద జరిగిన తప్పువల్ల ఎవరికీ ఏ నష్టమూ రాదని ఆయన గట్టి నమ్మకం.

గీతలయ్యాక అసలు పరీక్ష ఉంటుంది. ఆ వ్యాపారంతో సంబంధం లేని మనిషినొకరిని తెచ్చి బల్ల ముందు కూర్చోబెడతాడు. ఒక అవసరం చెప్పి, మొదటి కాగితం పెట్టి, "వేలితో నొక్కండి," అంటాడు. ఎక్కడ నొక్కితే దాన్నిబట్టి ఈ కాగితం తీసి ఇంకో కాగితం పెడతాడు. అంటే కంప్యూటరు చెయ్యాల్సిన పని తనే చేస్తాడన్నమాట. కంప్యూటరుగా ఉన్నంతసేపూ నోరు విప్పడు. అవతలివాళ్ళు తికమకపడ్డా, బతిమాలినా ఉలకడు పలకడు. "రేపు నిజం కంప్యూటరు వాళ్ళకి జవాబు చెబుతుందా? చెప్పదు. నేనూ చెప్పను," అంటాడు. ఒకసారి ఒక ముసలాయన "ఇక్కడేం చెయ్యాలి బాబూ?" అని నాలుగుసార్లు అడిగి, జవాబు లేక లేచిపోయి, పాపం ఆ పెన్సిలాయనకి చెవుడని కాంప్లెక్సంతా చెప్పి వెళ్ళాడు. నొక్కేవాళ్ళ వేలు ఎక్కడ ఆగితే ప్లాను అక్కడ తప్పినట్టు లెక్క. ఆ చోట గుండ్రంగా చుట్టి పక్కన ఒక ముక్క రాసుకుంటాడు.

ఈ వేళ్ళన్నిటిలోకీ ఆయనకి ఇష్టమైన వేలు కింద జిరాక్సు షాపులో పనిచేసే అమ్మాయిది. హాస్టల్లో ఉండి చదువుకుంటూ పొద్దుటిపూట ఆ షాపులో పనిచేస్తుంది. మొహమాటం లేని పిల్ల. బాగాలేకపోతే బాగాలేదంటుంది. "ఇదేంటి సార్, ఇంత చిన్న అక్షరాలు, చీమలు చదువుకోవడానికా?" అని ఓసారి అంది. అలాంటి మాటంటే పెన్సిలాయనకి విందు భోజనం కింద లెక్క.

ఇక ఇంటావిడ సంగతి. ఆవిడ విగ్గులు చేస్తుంది. ఒకప్పుడు నాటకాలవాళ్ళకి చేసేది. రాజులు, మంత్రగత్తెలు, గడ్డాల సన్యాసులు అందరి జుట్టూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినదే. నాటకాలు తగ్గిపోయాక వేరే మనుషులు రావడం మొదలుపెట్టారు. క్యాన్సరు మందులు పడి జుట్టు రాలిపోయినవాళ్ళు, ఏ కారణమూ తెలియకుండా రాలిపోయినవాళ్ళు. ఇంటి పక్క సందులోకి ఒక తలుపుంది. వాళ్ళు ఆ తలుపు తట్టి, చిన్న గదిలోకి వచ్చి, అటే వెళ్ళిపోతారు. సన్నటి జాలీ మీద ఒక్కొక్క వెంట్రుకా సూదిమొన లాంటి కొక్కెంతో ముడివేసే పని అది. కళ్ళు లాగేస్తాయి, మెడ పట్టేస్తుంది. ఆ గదిలోకి ఎవరొచ్చారో, ఏమన్నారో ఆవిడ మొగుడితో కూడా చెప్పదు. అడిగితే, "వాళ్ళ తలనొప్పులు మీకెందుకు?" అని మాట తప్పించేస్తుంది.

ఓ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మేనల్లుడు అత్తని ఆటపట్టించాడు.

"అత్తయ్యా, ఊళ్ళో తాళాలకీ గొళ్ళేలకీ కూడా సైట్లు కట్టిపెట్టాం. నీకు మాత్రం మావయ్య ఒక్క గీత గియ్యలేదు చూడు."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదురా," అని నవ్వేసిందావిడ.

ఆ నవ్వు పెన్సిలాయనకి ముల్లులా గుచ్చుకుంది. నిజమే. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు ఒకరు చెబితే ఒకరు వచ్చేవాళ్ళే. ఆ మధ్య పని పల్చబడింది. జాలీలు అలాగే ఉన్నాయి, కొక్కేలు అలాగే ఉన్నాయి, ఆవిడ కిటికీ దగ్గర ఖాళీగా కూర్చునే రోజులు పెరిగాయి. ఆవిడకో సైటు గీసి, మొత్తం అయ్యాక కళ్ళు మూయించి చూపించాలని నిశ్చయించుకున్నాడు.

ఇక్కడే బుద్ధి గడ్డి తింది. తాళాలాయన్ని అన్ని ప్రశ్నలడిగిన మనిషి పెళ్ళాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆవిడ పని నాకు తెలియకపోవడమేమిటి అనుకున్నాడు. తెలిసిందల్లా వెంట్రుకలు, జాలీ, కొక్కెం. ఆ గదిలోకి వచ్చే మనుషుల గురించి ఆయనకి ఓనమాలు కూడా తెలియవు. దీపం కింద చీకటంటే ఇలాగే ఉంటుంది కాబోలు.

ప్లాను ఇట్టే అయిపోయింది. మొదటి పేజీలో ఆవిడ చేతుల బొమ్మ, ఇంటికి దారి, "మా పనితనం" అని ఇంకో పేజీ. పనితనం చూపించాలంటే ఫోటోలుండాలి. ఫోటోలు ఆయన దగ్గరున్నాయి. జుట్టు ఎక్కడ మొదలవ్వాలో, చెవుల దగ్గర ఎలా దిగాలో చూసుకోవడానికి ఆవిడ ప్రతివాళ్ళనీ ముందొకటి, విగ్గు పెట్టాక ఒకటి ఫోటో తీసుకుంటుంది. ఫోను నిండిపోయినప్పుడు, "వీటిని కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టండి," అని ఆయనకే ఇచ్చేది. ఆయన ఎక్కించి పెట్టాడు. ఇప్పుడు దించాడు. బాగా కుదిరినవి ఏరి, ముందూ తర్వాతా జంటలు జంటలుగా అచ్చు తీసి కాగితం మీద అంటించాడు. మరీ మతిలేనివాడేం కాదు, ప్రతి మొహానికీ కళ్ళ మీద నల్ల పట్టీ గీశాడు. ఇంకెవరు గుర్తుపడతారని ధీమా.

శుక్రవారం పొద్దున్న జిరాక్సు అమ్మాయిని పైకి పిలిచాడు.

"ఈసారి ఎవరికి సార్?" అంది కుర్చీలో కూర్చుంటూ.

"మా ఇంటావిడకి. ఆవిడకి తెలీదు, నువ్వెక్కడా అనకు. ఇదిగో చూడు, మీ ఇంట్లో ఒకరికి జుట్టు ఊడిపోయిందనుకో. ఆవిడకి విగ్గు కావాలి. ఏం చేస్తావో చెయ్యి."

ఆ పిల్ల నవ్వుతూనే మొదలుపెట్టింది. మొదటి కాగితం మీద "మా పనితనం" అన్న ముక్క నొక్కింది. ఆయన కాగితం మార్చాడు. వేలు పై వరస దాటి రెండో వరసలోకి వచ్చి ఆగింది.

ఆగిన వేలు కదల్లేదు. పెన్సిలాయన చూస్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోవడం చూశాడు, పెదవులు బిగుసుకోవడం చూశాడు, ఒకసారి తలెత్తి తనవైపు చూడటం కూడా చూశాడు. "ఏమైందమ్మా?" అనలేదు. ఆయన అప్పుడు కంప్యూటరు కదా.

"కింద ఎవరో వచ్చినట్టున్నారు సార్," అని లేచి ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పెన్సిలాయన ఆ ఫోటో చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన "ఫోటోలు మరీ ఎక్కువయ్యాయి, తగ్గించాలి" అని రాసుకుని, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటి వసారా గోడకి కాగితాలన్నీ అంటించి భార్యని పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొదటి కాగితం చూసి, తన చేతుల బొమ్మ చూసి మురిసిపోయింది కూడా. రెండో కాగితం దగ్గర మురిపెం ఆగిపోయింది.

"ఈ ఫోటోలు ఎందుకు బయటికి తీశారు?"

"పనితనం చూపించద్దూ? కళ్ళకి పట్టీలు వేశాగా."

"ఎవరికైనా చూపించారా?"

"ఇంకా నెట్లో పెట్టలేదే. కాగితమే కదా."

"నేనడిగింది అది కాదు. ఎవరికి చూపించారు?"

"కింద జిరాక్సు పిల్లకి. పరీక్షకి. ఇదిగో, ఇక్కడ ఆగింది," అని గుండ్రం గీసిన చోటు చూపించాడు.

ఆవిడ ఆ ఫోటో చూసి గోడకి చేరగిలబడింది. బోడితల, నల్ల పట్టీ, పట్టీ కింద సన్నటి ముక్కు. ఒక చెవి తమ్మె చీలిపోతే కుట్టించుకున్న గుర్తు స్పష్టంగా ఉంది. కళ్ళు మూసేస్తే కూతురు తల్లిని గుర్తుపట్టదని ఎవరు చెప్పారు ఈయనకి?

"అది వాళ్ళమ్మ," అంది.

పెన్సిలాయన ఆ గుండ్రం మీంచి వేలు వెనక్కి తీసుకున్నాడు.

ఆవిడ చెప్పింది అప్పుడు, మొదటిసారి. ఫోటోలో ఉన్నావిడ పోస్టాఫీసు కౌంటరులో పనిచేస్తుంది. జబ్బు సంగతి కూతురికి చెప్పలేదు. పిల్లకి పెద్ద పరీక్షలు దగ్గరికొచ్చాయి, అవయ్యాక చెబుతానంది. వారమంతా ఆఫీసుకి రుమాలు కట్టుకునే వెళుతుంది, అక్కడ అందరికీ తెలుసు. పిల్ల హాస్టలు నుంచి ఆదివారం ఇంటికొస్తుంది. విగ్గు ఆ ఆదివారాల కోసమే. "నెరిసిన వెంట్రుకలు కూడా పెట్టండి, లేకపోతే అది కనిపెట్టేస్తుంది," అందిట. ఎడమ కణత దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా ముడివేసి ఇచ్చింది ఈవిడ. ఇక్కడ విగ్గులు చేస్తారన్న సంగతి కూడా ఆవిడకి కూతురి నోటివెంటే తెలిసింది. మా కాంప్లెక్సులో పెన్సిలాయన భార్య విగ్గులు చేస్తుందమ్మా, రాజులకీ రాక్షసులకీ, అని ఆ పిల్ల ఎప్పుడో నవ్వుతూ చెప్పిందిట.

"మీ ఆయన మా పిల్ల పనిచేసే షాపు పైనే ఉంటారు, ఆయనకి కూడా తెలియకూడదు అని నాచేత చేతిలో చెయ్యి వేయించుకుంది. అందుకే మీకు చెప్పలేదు. మీకు చెప్పకపోతే సరిపోతుందనుకున్నాను. మీరు అడక్కుండానే ఇంత పని చేస్తారని నాకేం తెలుసు?"

"నీకు పని పెరుగుతుందని..."

"వాళ్ళు ఈ తలుపు తట్టేది ఇక్కడ ఎవరూ చూడరన్న నమ్మకంతో. ఆ నమ్మకం పోతే నాకిక పనీ లేదు, పాడూ లేదు."

కాగితాలు తనే ఒక్కొక్కటీ తీసింది.

మర్నాడు పెన్సిలాయన జిరాక్సు షాపు తెరిచే వేళకే వెళ్ళి నిలబడ్డాడు. ఆ అమ్మాయి మిషన్లో కాగితాలు సర్దుతోంది. ఏం మాట్లాడాలో ఇంటి దగ్గర్నుంచి కూడబలుక్కుని వచ్చాడు, తీరా నోరు తెరిస్తే "అమ్మా, నిన్న..." దగ్గరే ఆగిపోయింది.

"మా అమ్మే సార్," అంది ఆ పిల్ల కాగితాల మీంచి తలెత్తకుండా. "ఏ జబ్బో నెట్లో చూసుకున్నాను. మందులు పడితే అలా అవుతుందట. అవి పనిచేస్తున్నట్టే లెక్కట. నిజమేనా సార్?"

"నిజమేనమ్మా," అన్నాడు. ఆయనకేం తెలుసు? ఆ పిల్ల గొంతు విని అలా అనేశాడు.

"నాకు తెలిసినట్టు అమ్మకి చెప్పకండి. నాకు తెలీదనుకుంటేనే ఆవిడకి ఓపిక. ఆదివారం నేను మామూలుగానే ఉంటాను."

పెన్సిలాయన తలూపాడు. ఊపకుండా ఎలా ఉంటాడు? ఇంటికొచ్చి భార్యకి ఆ మాట చెబితే ఆవిడ ససేమిరా అంది.

"ఆ పిల్ల అడిగింది న్యాయమే. కానీ ఆ తల మీదీ కాదు, ఆ పిల్లదీ కాదు. తన ఫోటో ఎవరు చూశారో ఆవిడకి తెలియాలి. ఫోన్లో చెప్పే మాట కాదిది. మంగళవారం విగ్గు కడిగించుకోవడానికి వస్తుంది. మీరే చెప్పండి."

"నేనా?"

"నేను చెయ్యని పనికి నేనెందుకు చెబుతాను?"

మంగళవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఈలోగా ఆయన చేసిన మంచి పని ఒక్కటే. తాళాలాయన ముందు కూర్చున్నట్టు భార్య ముందు కాగితం పరుచుకుని కూర్చున్నాడు. ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు, వచ్చేటప్పుడు దేనికి భయపడతారు అని అన్నీ అడిగాడు. ఆవిడ మొదట ముక్తసరిగా, తర్వాత తీరుబాటుగా చెప్పింది. కొత్త ప్లాను ఒక్క పేజీలోనే అయిపోయింది. ఒక్క ఫోటో లేదు. సందులో తలుపు ఎక్కడుందో, లోపల ఎవరుంటారో, అద్దానికి గుడ్డ కప్పి ఉంటుందని, మీరడిగితేనే తీస్తామని. చివర్న "ఒంటరిగానే రండి, మిమ్మల్ని ఎవరూ చూడరు" అని రాయమంది ఆవిడ. రాశాడు. అయినా ఆవిడ మొహం తేటపడలేదు. చేతులు కాలాక ఎన్ని ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మంగళవారం సాయంత్రం సందు తలుపు చప్పుడైంది. కాసేపటికి భార్య లోపలి తలుపు తెరిచి, రమ్మన్నట్టు చూసింది. మనుషులుండగా ఆ గదిలోకి ఆయన అడుగుపెట్టడం అదే మొదలు. ఒక కుర్చీ, గుడ్డ కప్పిన అద్దం, కిటికీ దగ్గర బల్ల. కుర్చీలో తలకి రుమాలు కట్టుకున్నావిడ కంగారుగా లేవబోయింది.

"కూర్చోండి. ఈయన మా ఆయనే. మీకో మాట చెప్పాలి," అంది విగ్గులావిడ.

పెన్సిలాయన చెప్పాడు. ఏదీ దాచలేదు. సైటు అనుకోవడం, ఫోటోలు బయటికి తీయడం, పట్టీలు వేయడం, కాగితం మీద అంటించడం.

పోస్టాఫీసావిడ మొహం ఎర్రబడింది.

"నా మొహం నేను అద్దంలో చూసుకోవడం మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు? ఆ గుడ్డ తియ్యొద్దని వచ్చినప్పుడల్లా ఈవిడతో చెబుతాను. నేను చూసుకోనిదాన్ని మీరు కాగితానికి అంటించారా?"

"తప్పయిందండి."

"తప్పయిందంటే సరిపోతుందా?"

"సరిపోదండి."

"ఎవరు చూశారు?"

"మా కింద జిరాక్సు షాపులో..." అన్నాడు. మిగతాది అక్కర్లేకపోయింది. ఆవిడ రెండు చేతులతో రుమాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. విగ్గులావిడ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమంది?" అని అడిగింది పోస్టాఫీసావిడ.

"ఏమీ అన్లేదండి. చూస్తూ ఉండిపోయింది. నేనూ ఏం అడగలేదు. కాగితాలు మార్చేటప్పుడు మాట్లాడకూడదని నాకో నియమం."

"నియమమా?"

"వెధవ నియమమండి. మర్నాడు వెళ్ళి అడిగితే, తనకి తెలిసినట్టు మీకు చెప్పొద్దంది."

"మర్నాడంటే? ఎప్పుడు చూసింది?"

"శుక్రవారం."

"అయితే ఆదివారానికి ముందే?"

"ముందేనండి."

ఆవిడ మళ్ళీ మాట్లాడింది కానీ ఆయనతో కాదు, విగ్గులావిడతో.

"మొన్న ఆదివారం వచ్చిందండీ. గుమ్మంలోంచే నా తలకేసి చూసి, 'నీ జుట్టు భలే ఉందే అమ్మా, ఏ నూనె రాస్తున్నావు?' అంది. బుద్ధెరిగాక అది నా జుట్టు గురించి ఒక్క మంచి ముక్క అన్లేదు. హమ్మయ్య, కనిపెట్టలేదు అనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో." ఆవిడ రుమాలు సర్దుకుంది. "నూనె పేరు కూడా చెప్పానండీ దానికి."

విగ్గులావిడ ఏడ్చేసింది. పెన్సిలాయన గోడవైపు తిరిగాడు. పోస్టాఫీసావిడ మాత్రం ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే సంచిలోంచి ఫోను తీసింది.

"ఏమే, క్లాసయిందా? అయితే ఇలా రా. ఎక్కడికంటే... రాజులకీ రాక్షసులకీ విగ్గులు చేస్తారే, ఆ ఇంటికి. ఊఁ. నేనక్కడే ఉన్నాను." అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఏడవకు. బస్సెక్కి రా," అని పెట్టేసింది.

ఆ పిల్ల వచ్చేసరికి చీకటి పడబోతోంది. చేతికి జిరాక్సు మసి ఇంకా వదల్లేదు. పెన్సిలాయన వంక ఒక చూపు చూసింది. మాటిచ్చి తప్పినవాణ్ణి చూసే చూపే అది, ఆయన దానికి అర్హుడే. గదిలోకి వెళ్ళి నిలబడింది. కూర్చోవడానికి రెండో కుర్చీ లేదు. ఇన్నేళ్ళలో ఆ గదికి ఇద్దరెప్పుడూ రాలేదు. పెన్సిలాయన పరుగున వెళ్ళి వంటింట్లోంచి కుర్చీ తెచ్చి గుమ్మంలో పెట్టి తప్పుకున్నాడు.

కాస్సేపటికి విగ్గులావిడ కూడా వసారాలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. మొగుడి పక్కన నిలబడింది కానీ ఆయన వంక చూడలేదు.

"ఒంటరిగానే రండి అని రాయమన్నాగా," అంది మెల్లగా. "అది కొట్టెయ్యండి. వాళ్ళు ఒంటరిగా వస్తున్నారు కదా అని, అదే వాళ్ళకి ఇష్టమనుకున్నాను. నేనూ ఎవర్నీ అడగలేదు."

లోపల అద్దం మీద గుడ్డ లాగిన చప్పుడు వినపడింది. ఆ వెనకే ఆ పిల్ల గొంతు, ముక్కు దిబ్బడతో.

"మొన్న అబద్ధం చెప్పానమ్మా. ఏం బాగాలేదిది. ముందువైపు ఎత్తుగా ఉంది. నీది ఇలా ఉండదు."

"నోర్ముయ్. నా జుట్టు సంగతి నాకు తెలీదా?"

"తెలీదు. పాపిడి కూడా తప్పు. నీది కుడిపక్కకి."

"ఎడమపక్కే."

"కుడి. నీకెప్పుడు తెలిసింది గనక?"

వసారాలో విగ్గులావిడ కళ్ళు తుడుచుకుని, కొక్కెం తీసుకుని లోపలికి వెళ్ళింది. తల్లీకూతుళ్ళు ఆ పాపిడి గురించి చాలాసేపు పోట్లాడుకున్నారు.